కీమో కుర్చీలో శుక్రానా

ఈ మాటలు మొదట మన గురుద్వారాలో, స్త్రీ సత్సంగ్ రోజున, చాప మీద కూర్చుని చెప్పినవి. ఊరూరా ఉన్న మన సిక్లీగర్ ఇళ్లకు చేరాలని, కాగితం మీద పెట్టమని సొసైటీ వాళ్లు అడిగారు. నేను జ్ఞానిని కాను. మా ఇంట్లో ఆడవాళ్లం జల్లెడలు బిగిస్తాం, మూకుళ్లు అమ్ముతాం. మా ఆయనది గేట్లు, గ్రిల్లుల పని. సాయంత్రాలు పిల్లలకు గుర్‌ముఖీ అక్షరాలు దిద్దిస్తాను. నాకున్న చదువు అంతే.

నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేశారు. తర్వాత మూడు వారాలకొకసారి చొప్పున నాలుగు సార్లు ఎర్ర మందు ఎక్కించారు. ఆ పైన వారం వారం పన్నెండు సార్లు ఇంకో మందు. ఆ తర్వాత రేడియేషన్. ఇవాళ మీ ముందు మాట్లాడుతున్నాను కాబట్టి కథ సుఖంగా ముగిసిందనుకోకండి. ఇంకా చెకప్‌లు ఉన్నాయి. ప్రతి చెకప్‌కు ముందు రాత్రి నాకు నిద్ర పట్టదు. నేను చెప్పబోయేది జబ్బు నయమైనందుకు చేసిన శుక్రానా గురించి కాదు. నయమవుతుందో లేదో తెలియని రోజుల్లో చేయాల్సి వచ్చిన శుక్రానా గురించి.

మొదట్లో అది నా నోట రాలేదు. రిపోర్టు వచ్చిన రోజు చూడటానికి వచ్చినవాళ్లలో ఒకామె, "గురువు ఏం చేసినా మంచికే, శుక్ర్ అనుకో బీబీ" అంది. ఆమె మనసు మంచిదే. కానీ నాకు ఆ మాట కొలిమిలో కాలిన ఇనుము ముట్టుకున్నట్టయింది. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి అప్పటికి తొమ్మిదేళ్లు. దేనికమ్మా శుక్ర్? ఆ రాత్రి అర్దాస్‌లో నిలబడి చేతులు జోడించాను కానీ ఒక్క మాట రాలేదు. వాహెగురూ, నీ మీద కోపంగా ఉంది అన్నాను. అది కూడా అర్దాసే అని తర్వాత అర్థమైంది. కోపం వచ్చినవాళ్లతో మనం మాట్లాడటం మానేస్తాం, నేను మానలేదు కదా.

మొదటి కీమో రోజు సంగతి చెబుతాను. సీసాలోని మందు నిజంగానే ఎర్రగా ఉంటుంది, రూహఫ్జా షర్బత్‌లా. మధ్యాహ్నానికి మూత్రం కూడా ఎర్రగా వచ్చింది. రక్తం పడుతోందని నేను బాత్రూంలోనే ఏడ్చేశాను. సిస్టర్ వచ్చి, అది మందు రంగే అమ్మా, ఒకట్రెండు రోజుల్లో పోతుంది అని చెప్పింది. ముందే చెప్పి ఉంటే అంత ఏడుపు తప్పేది. అందుకే మీకు ముందే చెబుతున్నాను. తర్వాత మూడో రోజుకు నోరంతా ఇనుము రుచి పట్టుకుంది. నీళ్లు ఇనుము, పాలు ఇనుము, అన్నం ఇనుము. మా ఆయన గేటు వెల్డింగ్ చేసి చేతులు కడుక్కోకుండా వచ్చి పక్కన కూర్చుంటే వచ్చే వాసన, అచ్చంగా అదే, నా నాలుక మీద. ఆయనతో చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నలభై ఏళ్లు మనం ఇనుమును తిన్నాం, ఇప్పుడది మనల్ని తింటోంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రిపోర్టు వచ్చాక నవ్విన మొదటి నవ్వు అది. స్టీలు చెంచా మానేసి ప్లాస్టిక్ చెంచాతో తినమని డాక్టరమ్మ చెప్పింది. కత్తులూ కొడవళ్లూ చేసే ఇంట్లో ప్లాస్టిక్ చెంచా! మా అత్తమ్మ దాన్ని దాచిపెట్టేది, చుట్టాలు చూస్తే పరువు పోతుందని.

ఆ నవ్వు తర్వాతే నాకు దారి దొరికింది. ఇంత పెద్ద జబ్బుకు శుక్ర్ చెప్పడం నా వల్ల కాలేదు. ఆ నవ్వుకు చెప్పగలిగాను. ఆ రాత్రి అర్దాస్‌లో అదొక్కటే చెప్పాను. మర్నాడు వెతికితే ఇంకొకటి దొరికింది: చిన్నది బడి నుంచి వచ్చి నా పాదాలకు కొబ్బరినూనె రాసింది. సిక్లీగర్ అంటే ఆయుధానికి మెరుగు పెట్టేవాడని మనందరికీ తెలుసు. తుప్పు రాత్రికి రాత్రే పడుతుంది, మెరుగు మాత్రం రోజూ పెట్టాలి. ఒకసారి సాన పట్టి గోడకు తగిలించిన కత్తి వానాకాలంలో ఏమవుతుందో మీ ఇంట్లో చూసే ఉంటారు. శుక్రానా కూడా దానంతట అది వచ్చే పొంగు కాదు. సంతోషం వస్తే చెబుదామని కూర్చుంటే నా విషయంలో అది వచ్చేది కాదు.

ఇప్పుడు ఒక చేదు మాట. "ఏ జన్మలో ఏ పాపం చేసిందో" అని నా వెనక అన్నవాళ్లున్నారు. చేతబడి అన్నవాళ్లు, తాయెత్తు తెచ్చినవాళ్లు ఉన్నారు. సాధ్ సంగత్ జీ, ఎనిమిదో గురువు శ్రీ గురు హర్‌క్రిషన్ సాహిబ్‌ను తలుచుకోండి. 1664లో ఢిల్లీలో మశూచి వ్యాపించినప్పుడు ఆయన రోగుల మధ్య తిరిగి సేవ చేశారు. నేడు బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉన్న చోట ఆయన బస. అక్కడి సరోవరం నీళ్లను సంగత్ నేటికీ భక్తితో తీసుకుంటుంది. ఆ సేవలోనే ఆయనకూ మశూచి సోకింది. అదే ఏడు మార్చిలో జ్యోతిజ్యోతిలో కలిశారు. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఏ పాపానికి వచ్చింది ఆ బాలగురువుకు మశూచి? జబ్బును పాపానికి శిక్ష అనేవాడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి అప్పుడు నా దగ్గరికి రావాలి. తాయెత్తు తెచ్చిన మా పెదనాన్నకు నేను ఈ సాఖీయే చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా తాయెత్తు జేబులో పెట్టుకుని, తెచ్చిన బత్తాయిలు మాత్రం ఇచ్చి వెళ్లాడు.

ఆపరేషన్‌కు ముందు నేను పోగొట్టుకున్న నాలుగు నెలల గురించి కూడా చెప్పాలి. గడ్డ చేతికి తగిలింది, నొప్పి లేదు. నొప్పి లేని గడ్డ మంచిదనుకున్నాను. ఒక నాటువైద్యుడు ఆకు పసరు కట్టాడు. "భాణా" అని మా ఇంట్లో ఒకరు అన్నారు, గురువు ఇచ్ఛ ఎలా ఉంటే అలా జరుగుతుందని. భాణాను ఒప్పుకోవడమంటే చేతులు ముడుచుకోవడం అని ఏ గురువు నేర్పాడు? ఆరో గురువు ఆయుధాలు పట్టించిన పంథ్ మనది, ఆ ఆయుధాలు చేసిన చేతులు మన పూర్వీకులవి. ఏడో గురువు గురు హర్ రాయ్ సాహిబ్ కీరత్‌పూర్‌లో దవాఖానా నడిపారు. మన పక్కనే ఉన్న నాందేడ్‌లో, 1708లో, దశమ గురువుకు కత్తిపోటు తగిలినప్పుడు వైద్యుడిని పిలిపించి కుట్లు వేయించారని మన చరిత్ర చెబుతుంది. గురువే కుట్లు వేయించుకున్నప్పుడు మనం సూదికి భయపడి భాణా పేరు చెప్పడం ఏం న్యాయం? ఫలితం వాహెగురూ చేతిలో ఉంది, ఆసుపత్రికి నడిచే కాళ్లు మన దగ్గర ఉన్నాయి. రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలితే, నోట్లో మానని పుండు ఉంటే, నాలుగు నెలలు కాదు నాలుగు రోజులు కూడా ఆగకండి. డబ్బు భయమైతే ఆరోగ్యశ్రీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారుతున్నా పథకం ఉంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకుని వెళ్లండి. చదవడం రాకపోతే మన పిల్లల్లో ఒకరిని తోడు తీసుకెళ్లండి.

పుండు మాట వచ్చింది కాబట్టి మగవాళ్లతో ఒక మాట. గుట్కా నమిలే నోటితో వాహెగురూ అంటున్నారు. పొగాకు మనకు కురహిత్. అమృతం తీసుకున్నవాడికి అది నిషేధమని అందరికీ తెలుసు, సంచిలో పొట్లం మాత్రం ఉంటుంది. మందు ఎక్కించే హాల్లో నోరు తెరవలేని మగవాళ్లను ఎంతమందిని చూశానో. వాళ్ల భార్యలు ట్యూబులో గంజి పోస్తుంటారు. కోపంగా చెబుతున్నానని అనుకోకండి. కోపంగానే చెబుతున్నాను.

ఇక కేశాల సంగతి. నా మనసును ఎక్కువగా కోసింది అదే. మొదటి కీమో అయిన పద్దెనిమిదో రోజు పొద్దున కంఘా పెట్టగానే కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వచ్చాయి. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని కేశాలు. మూడు రోజుల్లో దాదాపు అంతా పోయింది. రాలినదాన్ని తెల్లగుడ్డలో మూట కట్టి, ఎవరికీ చెప్పకుండా పెట్టెలో పెట్టాను. క్యాన్సర్ చంపుతుందేమో అని భయపడినదానికంటే గురువుకు ముఖం ఎలా చూపించాలి అని ఎక్కువ భయపడ్డాను. గురుద్వారా మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. జోడాఘర్ దగ్గర జ్ఞానీ జీ చూశారు. సంగతి చెబితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, కేశాలు కత్తిరించకూడదని రహిత్. మీరు కత్తిరించారా?" అని అడిగారు. లేదన్నాను. "మరి మీరు ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి? ప్రాణం నిలబెట్టుకోవడానికి తీసుకున్న మందు తీసుకెళ్లింది. లోపలికి రండి, లంగర్‌లో రోటీలు మాడిపోతున్నాయి" అన్నారు. అంతే. ఉపదేశం అంత పొట్టిగా ఉండాలి. నేను మాత్రం ఇంత పొడుగు చెబుతున్నాను.

ఆ రోజు నుంచి బోడితల మీద చిన్న కేస్కీ కట్టుకున్నాను. జుట్టు లేనప్పుడు కంఘా ఎక్కడ పెట్టాలి? కేస్కీ మడతలో పెట్టుకున్నాను. రాత్రి తీసి తలగడ కింద పెట్టేదాన్ని, పొద్దున మళ్లీ మడతలోకి. దువ్వడానికి ఏమీ లేదు, అయినా పెట్టుకోవడం మానలేదు. కడా గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆపరేషన్ థియేటర్‌లో లోహం ఉండకూడదు, కాలే ప్రమాదం ఉంది. డాక్టర్ తీయమంటే తీసి ఇంట్లో ఒక అమృత్‌ధారీ చేతికి ఇవ్వండి, తర్వాత అర్దాస్ చేసి వేసుకోండి. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీస్తే ఆ వైపు చేయి వాచే అవకాశం ఉంటుంది, బిగుతైనవి వేయకూడదంటారు. నా కడా కుడిచేతిదే, నా ఆపరేషన్ ఎడమ వైపు. ఇది కూడా ఒక రోజు నా శుక్రానా లెక్కలో చేరింది.

ఇంట్లో జరిగినది కూడా దాచకూడదు. మా ఇంట్లో ఒకామె నా కంచం, గ్లాసు వేరు పెట్టింది. పిల్లలకు అంటుకుంటుందని. నోటితో ఏమీ అనలేదు, కంచం అంచుకు ఎర్ర దారం కట్టింది, గుర్తుకు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, ముద్దు పెట్టుకున్నా రాదు. ఆ ఎర్ర దారం చూసిన రోజున నాకు గోయింద్‌వాల్ గుర్తొచ్చింది. మూడో గురువు గురు అమర్ దాస్ సాహిబ్ దర్శనానికి వచ్చిన అక్బర్ బాదుషా కూడా పంగత్‌లో కూర్చున్నాకే దర్శనం అయిందని చెప్పుకుంటాం. బాదుషాను అందరితో కూర్చోబెట్టిన ధర్మంలో పుట్టి నా కంచం వేరైందా అని ఏడ్చాను. జవాబు నేను చెప్పలేదు. మా చిన్నది చెప్పింది. ఆ కంచంలోనే నాతో పాటు చేయి పెట్టి పెరుగన్నం తింది, అందరూ చూస్తుండగా. మర్నాడు దారం లేదు. విప్పింది ఎవరో నేను అడగలేదు, ఇవాళ ఆమె ఇక్కడే కూర్చుని ఉంది, ఆమె మీద నాకు ఏమీ లేదు. భయం అలాంటి పనులు చేయిస్తుంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం ఇంకొకటి. ఆసుపత్రి గేటు దగ్గర మధ్యాహ్నం ఎవరో పుణ్యాత్ములు అన్నం పెడతారు. పొద్దున ఐదింటికి బస్సెక్కి వచ్చిన రోజు, మా ఆయన జేబులో తిరుగు చార్జీలు తప్ప లేవు. లైనులో నిలబడదామన్నాడు. నా కాళ్లు కదలలేదు. ఇరవై ఏళ్లుగా లంగర్‌లో వడ్డించిన చేయి నాది. ఎంత ఆకలితో వచ్చినవాడినైనా "బైఠో జీ" అని కూర్చోబెట్టిన నేను, కంచం పట్టుకుని లైనులో? సిగ్గుతో తల వంచుకుని నిలబడ్డాను. సాంబారన్నం పెట్టిన కుర్రాడు, "అక్కా, ఇంకొంచెం వేయనా?" అన్నాడు. ఆ గొంతులో జాలి లేదు, తొందర ఉంది, వెనక ఇంకా యాభైమంది ఉన్నారు కదా. లంగర్‌లో నా గొంతు కూడా అలాగే ఉంటుంది. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ నేను పంగత్‌లో ఒక వైపే నిలబడ్డాను.

భగత్ పూరణ్ సింగ్ గారి పేరు విన్నారు కదా, అమృత్‌సర్ పింగల్‌వాడా స్థాపించినవారు. 1934లో లాహోర్ డేరా సాహిబ్ గురుద్వారా దగ్గర ఎవరో వదిలేసిపోయిన నాలుగేళ్ల వికలాంగ పిల్లవాడిని ఆయన తీసుకున్నారు. పద్నాలుగేళ్లు వీపు మీద మోశారు. 1947లో దేశం రెండు ముక్కలైనప్పుడు కూడా ఆ పిల్లవాడిని మోసుకునే అమృత్‌సర్ వచ్చారు. వాడికి పెట్టిన పేరు ప్యారా సింగ్. మనం ఎప్పుడూ మోసినవారి కథ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ కీమో రోజుల్లో నేను ఆలోచించింది ప్యారా సింగ్ గురించి. మాట రానివాడు, నడవలేనివాడు, రోజూ ఇంకొకరి వీపు ఎక్కాల్సినవాడు. అతను లేకపోతే ఆ సేవ లేదు, పింగల్‌వాడా లేదు. మోయించుకోవడం కూడా గురువు ఇంటి పనే. ఆ సాంబారన్నం ఆ రోజు నాకు కడాహ్ ప్రసాద్‌లా దిగింది అంటే అతిశయం అవుతుంది, ఉప్పు తక్కువైంది. కానీ తల ఎత్తి తిన్నాను.

ఆనందం గురించి చెప్పమంటే మూడో వారం గురించే చెబుతాను. ఎర్ర మందు ఎక్కించిన మొదటి వారం మంచం. రెండో వారం రక్తకణాల కౌంట్ పడిపోతుంది, జనంలోకి వెళ్లకూడదు. గురుపురబ్ వచ్చినా ఇంట్లోనే. ఆ రోజుల్లో ఒళ్లు 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకూడదు, మాత్ర వేసుకుని పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇది గుర్తు పెట్టుకోండి, మిగతా నా మాటలన్నీ మర్చిపోయినా ఫరవాలేదు. మూడో వారం నాలుక తిరిగి వస్తుంది. మొదటిసారి అలా వచ్చిన పొద్దున చాయ్‌లో అల్లం తెలిసింది. అల్లం! వంటింట్లోకి వెళ్లి ఉప్పు రాయి ఒకటి నాలుక మీద వేసుకున్నాను, నిజంగానే ఉప్పగా ఉందా అని. మధ్యాహ్నం అత్తమ్మ చింతచిగురు పప్పు చేసింది. బయట మా ఆయన దాగలి మీద కొట్టే చప్పుడు మంచం మీద ఉన్నప్పుడు తలనొప్పిగా ఉండేది, ఆ రోజు అదే చప్పుడు పని దొరికిందన్న కబురులా వినిపించింది. జబ్బుకు ముందు నలభై ఏళ్లు చాయ్ తాగాను, ఒక్క రోజు అల్లానికి శుక్ర్ చెప్పలేదు.

అన్ని రోజులూ అలా ఉండవు. నాలుగో ఎర్ర మందు తర్వాత వారం రోజులు గోడ వైపు తిరిగి పడుకున్నాను. పాఠ్ లేదు, సిమ్రన్ లేదు, పిల్లలు పిలిచినా పలకలేదు. సుఖ్‌మనీ సాహిబ్‌లో ఇరవై నాలుగు అష్టపదులు, బాగున్నప్పుడు ఒక్క కూర్చోవడంలో చదివేదాన్ని. ఆ వారం పోథీ ఎత్తే బలం కూడా లేదు. పెద్దాడు ఫోనులో హజూర్ సాహిబ్ కీర్తన్ పెట్టి నా చెవి దగ్గర ఉంచి వెళ్లిపోయేవాడు. విన్నానో లేదో నాకే తెలియదు. అలాంటి రోజున శుక్రానా చేయలేకపోతే అపరాధం అనుకోకండి. మీరు చేయలేని రోజున ఇంట్లో ఇంకొకరు చేస్తారు, సంగత్ ఉన్నది అందుకే. ఇంట్లోవాళ్లకు కూడా ఒక విన్నపం: పడుకున్నవాళ్లను నవ్వమని బలవంతపెట్టకండి. చడ్దీ కలా అంటే పళ్లు కనిపించడం కాదు. ఫోను చెవి దగ్గర పెట్టి వెళ్లిపోయిన మా పెద్దాడిది చడ్దీ కలా.

రోజూ అర్దాస్ ముగింపులో చడ్దీ కలా అడిగి, ఆ వెంటనే అందరి మేలూ కోరుతాం. చిన్నప్పటి నుంచి అంటున్న మాటే. మందు ఎక్కించే హాల్లో ముప్పై కుర్చీలుంటాయి. ఒక రోజు సెలైన్ చుక్కలకు చుక్కకొక వాహెగురూ అనుకుంటూ కూర్చుని తల ఎత్తితే, బురఖాలో ఒకామె, మెడలో సిలువతో ఒక ముసలాయన, లంబాడీ పిల్ల ఒకతె, అందరి చేతులకూ అదే సూది. ఆ రోజు ఆ "అందరి" అన్న మాటకు ముఖాలు కనిపించాయి.

మన బస్తీల్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే దాచకండి. జ్ఞానీ జీకి చెప్పండి, లేదా స్త్రీ సత్సంగ్‌లో మాకు చెప్పండి. మేం వచ్చి ఉపదేశాలు చెప్పం. కీమో రోజున మీ పిల్లల్ని బడి నుంచి తెస్తాం, రోటీలు చేసి పెట్టి వస్తాం, తోడు కావాలంటే బస్సు ఎక్కుతాం. కేస్కీ కట్టడం రాని ఆడపిల్లలకు నేను కట్టి చూపిస్తాను. నాకు ఇప్పుడు కేశాలు చెవుల కింద దాకా వచ్చాయి. మొదట పసిపిల్లలకు వచ్చినట్టు మెత్తగా, ఉంగరాలుగా వచ్చాయి. కంఘా నిలబడుతోంది.

వచ్చే బుధవారం నాకు మళ్లీ చెకప్. నా కోసం అర్దాస్ చేసేవాళ్లు నా పక్క కుర్చీలో కూర్చునే ఒకామె కోసం కూడా చేయండి. ఆమె పేరు నేను అడగలేదు. ఖమ్మం వైపు నుంచి వచ్చేది, డబ్బాలో టమాటా పచ్చడి తెచ్చి, రుచి తెలియదని తెలిసినా ఇద్దరం తినేవాళ్లం. నాలుగు వారాలుగా కనిపించడం లేదు.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతే.